బీడీ చేతుల ఫొటోలు

కరీంనగర్‌లో ఒక చర్మవైద్యురాలి దగ్గర నేను బిల్లులు ఎక్కించే పని చేసేదాన్ని. ప్రభుత్వ పథకం కింద వచ్చేవాళ్లలో చాలామంది బీడీలు చుట్టే ఆడవాళ్లు. వైద్యానికి ముందొక ఫొటో, నయమయ్యాక ఒక ఫొటో బిల్లుకు జతచేయాలి. ముఖం పడితే వాళ్లు ఒప్పుకోరు, అందుకని చేతులే తీసేదాన్ని. మధ్యాహ్నం ఫ్యాను గాలికి కళ్లు మూతలు పడుతుంటే తెరమీద ఆ చేతులు ఒకదాని వెనక ఒకటి తేలిపోయేవి. అన్నీ పొగాకు రంగు పట్టిన వేళ్లే, అన్నీ పగిలిన బొటనవేళ్లే. గదిలో ఎప్పుడూ పొగాకు వాసన. నాకది మా ఇంటి వాసన, హాయిగా ఉండేది.

ఒకరోజు మా పక్కింటామె రెండో ఫొటోకు రావాలి. ఆమెకు బదులు మా అవ్వ వచ్చింది. బీడీలు చుట్టే అవ్వ చేతులకూ అక్కడే నయమైంది.

"గామె బీడీలు అప్పజెప్పపోయింది బిడ్డా, రాలే. శేతులైతే మంచిగయినయి. ఫొటోల ఎవల శెయ్యైతేంది?"

అవ్వతో వాదించడం నా తరమా? పైగా నాకూ అది తప్పనిపించలేదు. ఆమె బల్లమీద చెయ్యి పెట్టింది, నేను తీశాను.

ఎండాకాలంలో తనిఖీ అధికారి వచ్చాడు. ఫొటోల్లో చేతులన్నీ ఒకేలా కనబడేసరికి "ఒకే చేతిని ఇంతమందికి అంటించారా?" అన్నాడు. తేలకపోతే బిల్లులన్నీ ఆపేస్తానన్నాడు. అంటే అందరి మందులూ ఆగిపోతాయి. డాక్టరమ్మ అందరికీ ఫోన్లు చేయించింది.

మర్నాడు పొద్దున ఆడవాళ్లంతా వచ్చి పొడవాటి బల్లమీద చేతులు పరిచారు. కిటికీలోంచి ఎండ ఆ వేళ్లమీద మెల్లగా జరుగుతుంటే ఇదంతా కలేమో అనిపించింది. అధికారి ఫొటోలు పట్టుకుని ఒక్కొక్క చేతి దగ్గరా ఆగి, గోరూ పుట్టుమచ్చా సరిచూసి, తలూపుతూ వెళ్లాడు. పక్కింటామె దగ్గర మాత్రం కదల్లేదు.

"ఫొటోలో తెగిన మచ్చ ఉంది. నీ చేతికి లేదేం?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. బల్ల చివర కూర్చున్న అవ్వ లేచింది.

"గది నా శెయ్యి సారూ. నేనే గామె పేరు జెప్పి తీయించుకున్న. గీ పిల్లకు ఎర్కలే."

బీడీ చుట్టే తునికాకు కత్తిరిస్తూ అవ్వ, పాకుతూ వచ్చిన నన్ను తప్పించబోతే కత్తెర దిగిన మచ్చ అది. అధికారి నావైపు తిరిగి, "నీకు తెలియదా?" అన్నాడు. అవ్వ కళ్లతోనే వద్దంది. నాకు ఏడుపొచ్చింది.

"తెలుసు సార్. ఆమె మా అవ్వ."

ఆ ఒక్క బిల్లే కొట్టేశారు, మిగతావన్నీ నిలిచాయి. నా పని పోయింది. ఇంటికి వెళ్లేటప్పుడు అవ్వ ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.