డిక్కీలో వాన

మొన్నటి ముసురుకు కిటికీ కింద పెట్టిన ఖాళీ గోనెసంచి తడిసి ఇల్లంతా ఒకటే వాసన. మా అమ్మాయి ముక్కు మూసుకుని దాన్ని బయట పారేయమంది. నాకు మాత్రం ఆ వాసన వస్తే డెబ్బైల నాటి మా జమ్మికుంట ఇల్లు, వాకిట్లో బాపు నల్ల కారు, ఆ కారు డిక్కీలో ఏ కాలంలోనూ పూర్తిగా ఆరని గోనెపట్టా గుర్తొస్తాయి. ఆ డిక్కీని తలుచుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు మండుతుంది.

మాకు నాన్న బాపు, అమ్మ అవ్వ. బాపుకు పత్తి మార్కెట్లో అడ్తి దుకాణం, అంటే రైతుల పత్తిని కమీషన్ మీద అమ్మిపెట్టే కొట్టు, ఉండేది. ఎవరో బాగా వాడి వదిలించుకున్న ఆ కారును ఆయన కొని తెచ్చిన రోజు నేరుగా ఇంటికి రాలేదు, కొండగట్టుకు తీసుకుపోయి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కొండ కింద దుకాణంలో అరచేయంత ఇత్తడి ఆంజనేయస్వామి బిళ్ల కొని, డిక్కీ మూత నడిమధ్యన రెండు మరలతో బిగించుకుని మరీ వచ్చాడు. వెనకనుంచి ఏ లారీ గుద్దకుండా స్వామి చూసుకుంటాడని ఆయన ధీమా. ప్రతి మంగళవారం పొద్దున్నే తానం చేసి, నువ్వుల నూనెలో సింధూరం కలిపి ఆ బిళ్లకు దట్టంగా పూసేవాడు. మా చెల్లెళ్లకూ నాకూ తలంటు ఎప్పుడైనా తప్పేదేమో గానీ స్వామికి ఆ నూనె మాత్రం తప్పేది కాదు.

అవ్వ పుట్టిల్లు ఉట్నూరు. ఏటా నాగుల పంచమి ముందు తల్లిగారింటికి పోవడం ఆమెకు ఆనవాయితీ, పంచమి అంటేనే వానలు. పోయే ముందు రెండు రోజులు ఇల్లంతా నువ్వులు వేయించిన కమ్మదనం, వాము వేసిన మురుకుల పిండి, కాగిన నూనె, బెల్లం పాకం, గరిజెల్లోకి కొబ్బరి కోరుతుంటే చుట్టూ చేరి దెబ్బలు తినే మేము. ఆ అప్పాలన్నీ, అంటే పిండివంటలన్నీ, తెల్లటి గుడ్డసంచుల్లో కట్టి డిక్కీలో పెట్టేవాళ్లం. గోదావరి దాటి జన్నారం అడవిలో పడేసరికి టేకాకుల మీద టపటపమని వాన మొదలయ్యేది, అవ్వ ముఖంలో రంగు మారేది. ఉట్నూరులో దిగి డిక్కీ తెరిస్తే గోనెపట్టా నీళ్లు కక్కుతూ ఉండేది, సంచుల మీద ఎర్రటి మరకలు, లోపల మురుకులు వడలిన పొట్లతీగల్లా మెత్తగా వాలిపోయి ఉండేవి.

మా మేనమామ భార్య, అంటే మా అత్త, ఆ సంచి విప్పి ఒక మురుకును రెండు వేళ్లతో పైకెత్తి చూసేది.

"వదినె, మీ దిక్కు అప్పాలు గిట్ల నానవెట్టుకోని తింటరా?"

మగడి కారు కారుతుందని పుట్టింట్లో చెప్పుకోవడం అవ్వకు చచ్చినంత పని. "అవ్, మా దిక్కు గట్లనే చేస్తం" అనేసి మొహం తిప్పుకునేది. తిరుగు దారంతా బాపుతో మాట ఉండేది కాదు. తన తల్లికి ఒక్కసారైనా, కొరికితే కరకరమనే అప్పాలు తన చేత్తో పెట్టాలని, ఆ అత్త ముందు సంచి విప్పాలని అవ్వకు ఎంత పట్టుదల ఉండేదో అప్పుడు నాకు తెలియదు గానీ ఇప్పుడు తెలుస్తోంది.

బాపు ఊరుకున్నాడనడానికి లేదు. డిక్కీ అంచు చుట్టూ కొత్త రబ్బరు వేయించాడు. వెనక లైట్లు ఊడదీయించి లప్పం పెట్టించాడు. వెనక అద్దం చుట్టూ తారు పూయించాడు, ఆ తారు ఎండాకాలం కరిగి నా పావడాకు అంటుకుంది. ప్రతి మెకానిక్కూ ముందటి మెకానిక్కును తిట్టి పని మొదలుపెట్టేవాడు. సంచుల మీది ఎర్ర మరకలు చూసి అందరూ ఒకే మాట అనేవాళ్లు, తుప్పు అని. ఎక్కడి తుప్పు అంటే మాత్రం ఎవరూ చెప్పేవాళ్లు కాదు.

ఒక ఏడు అవ్వ ఆ కారు ఎక్కనని తేల్చి చెప్పింది. చెప్పింది బాపుకు కాదు, నాకు. "మీ బాపుకు చెప్పు, నేను బస్సుల పోత." అన్నట్టే సంచులు ఒళ్లో పెట్టుకుని ఎర్రబస్సెక్కింది. భార్యను ఒంటరిగా పంపడం ఇష్టంలేక, కారును ఇంట్లో వదలడమూ ఇష్టంలేక, బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీ కారుతో ఉట్నూరు దాకా ఆ బస్సు వెంటే నడిపాడు. బస్సు ఆగిన చోటల్లా ఆగాడు. దాని పొగంతా మేమే తాగాం. ఆ బస్సు కప్పు కూడా కారింది, అవ్వ సంచులు మళ్లీ తడిశాయి. అంత విసుగు ముఖాన్ని నేను మళ్లీ ఎవరిలోనూ చూడలేదు.

ఆ మరుసటి పంచమికి ముందు బాపు కొత్త ఉపాయం పట్టాడు. ఇంట్లో బక్కపలచగా ఉన్నదాన్ని నేనే గనక, బ్యాటరీ లైటు చేతికిచ్చి నన్ను డిక్కీలో వెల్లకిలా పడుకోబెట్టి మూత వేశాడు. పైనుంచి తాను నీళ్లు పోస్తాడు, నేను లోపల చినుకు ఎక్కడ పడుతుందో చూసి చెప్పాలి. లోపల ఉక్క, ముక్కిన పత్తి వాసన, కిరసనాయిలు వాసన, వీపు కింద జాకీ.

"కనవడ్డదా?"

"కనవడ్తలేదు బాపూ!"

అంచుల మీద పోశాడు, లైట్ల మీద పోశాడు, అద్దం మీద పోశాడు. ఒక్క చుక్క లేదు. కారణం నాకు తర్వాత తెలిసింది. బావి దగ్గరి బొక్కెన నీళ్లు స్వామి మీద గుమ్మరిస్తే అపచారమని, పోయడానికి ముందే ఆయన బిళ్ల చుట్టూ ప్లాస్టిక్ కాగితం కప్పి తాడుతో కట్టాడు. ఇన్నేళ్లుగా నీళ్లు పోసి చూసిన ప్రతిసారీ అలాగే కట్టాడట.

వంటింటి గుమ్మంలోంచి ఇదంతా చూస్తున్న అవ్వకు ఇక ఓపిక చచ్చింది. వచ్చి ఆ కాగితం లాగి పారేసింది.

"ఏమే, స్వామి మీద..." అన్నాడు బాపు.

"స్వామికి తానం పోస్తున్న, పాపమేం గాదు" అని బొక్కెనెడు నీళ్లు ఒక్కసారిగా బిళ్ల మీద కుమ్మరించింది.

నా నుదుటి మీద టప్పున ఒక చుక్క పడింది. దాని వెనకే ఇంకొకటి. నేను అరిచాను. మూత తెరిచారు. నా నుదుటి నుంచి ముక్కు మీదికి ఎర్రటి ధార. మా బాపు రెండు చేతులూ జోడించాడు.

"సూసినవా, స్వామే బిడ్డకు బొట్టు వెట్టిండు!"

అవ్వ నా నుదుటిని కొంగుతో తుడిచి ఆ కొంగును ఆయన ముక్కు దగ్గర పెట్టింది. నువ్వుల నూనె, సింధూరం. మరల కింద పెట్టిన రబ్బరు బిళ్లలు ఏళ్లతరబడి మంగళవారం నూనె తాగి తాగి మెత్తబడి, ఉబ్బి, పిండైపోయి, ఆ మరల చిల్లుల్లోంచే నీళ్లు లోపలికి దిగుతున్నాయి. ఇన్నాళ్లూ మేమంతా తుప్పు అనుకున్నది బాపు భక్తి. అవ్వ అక్కడే వాకిట్లో కూలబడి తల పట్టుకుంది.

తెలిసిన తర్వాత కూడా ఆయన స్వామిని పీకనంటే పీకనన్నాడు. చివరికి అవ్వే, ఈసారి నా ద్వారా కాకుండా సూటిగా ఆయనతోనే, "స్వామి వానల ఎందుకు నానాలె? ఇంట్లకు తీసుకరా, దేవుని అర్రల కూసుంటడు" అంది. ఆ మాటకు ఆయన మెత్తబడ్డాడు. కొండగట్టు పోయి దండం పెట్టుకుని వచ్చి బిళ్ల విప్పాడు, చిల్లులకు వెల్డింగ్ పెట్టించాడు.

ఆ పంచమికి అవ్వ కారెక్కింది. అడవిలో కుండపోతగా వాన. జన్నారంలో కారాపించి, తాను తడుస్తూ దిగి డిక్కీ తెరిచి చెయ్యి పెట్టి చూసుకుంది. తిరిగొచ్చి కూర్చుని, చెంపల మీది నీళ్లు తుడుచుకోకుండానే నవ్వింది. ఉట్నూరులో అత్త ముందే సంచి విప్పి, మురుకు విరిచి ఆ చప్పుడు వినిపించి మరీ అమ్మమ్మ చేతిలో పెట్టింది. అమ్మమ్మ దాన్ని చిగుళ్ల మధ్య పెట్టుకుని, చప్పరించి, బయటికి తీసింది.

"గిదేందే బిడ్డా, గీసారి గింత గట్టిగ చేసినవు? నాకు పండ్లు లేవాయె. ఎప్పుడు తెచ్చే మెత్తటివైతే మంచిగ మింగుడు వడుతుండె."

"గా సంగతి చెప్పాలె గదవ్వా!" అని అరిచినంత పనిచేసింది మా అవ్వ.

"చెప్పుడేంది? నా కోసమే గట్ల చేసుకొస్తున్నవనుకున్న."

అవ్వ లేచి, గిన్నెలో వేడి చాయ పోసి, ఏళ్ల తరబడి వాన నుంచి కాపాడాలని కొట్లాడిన ఆ మురుకులను తన చేత్తోనే తుంచి అందులో వేసింది.

ఆ కారు ఎప్పుడో పాత ఇనుము కింద పోయింది. బాపు లేడు, అవ్వ లేదు, చెయ్యి చాచే అమ్మమ్మ లేదు. రెండు చిల్లుల ఇత్తడి స్వామి మా ఇంటి గోడకు ఉన్నాడు, ఆయనకు నేను నూనె పూయను, పొడి సింధూరమే. మా అమ్మాయి కారు డిక్కీలోకి చీమ కూడా దూరదు. గోనెసంచి పారేయమన్న రోజే ఆమె నాకు మూత గట్టిగా బిగిసే డబ్బాలో మురుకులు తెచ్చింది, చేసి వారమైనా కరకరలాడుతున్నాయని మురిసిపోతూ నా చేతిలో ఒకటి పెట్టింది. నాకు పైవరస పళ్లు లేక రెండేళ్లవుతోంది. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచి, ఆమె ముఖం చూసి, చాలా బాగున్నాయన్నాను.