అట్టలక్క కుట్టిన పెళ్లి కార్డులు

“కాగితం పూలతో పెళ్లి చేసుకుంటే కాపురం కూడా కాగితంలాగే ఉంటుంది, చెబుతున్నా.”

“ఉండనీ పిన్నీ. చిరిగితే అతికించడం నాకొచ్చు. నీ పూలవాడు తెచ్చేవి మధ్యాహ్నానికే తల వాల్చేస్తాయి. వాటినేం పెట్టి అతికించను?”

“మాటకు మాట బాగానే నేర్చావు. కాగితాలు కోసే యంత్రం మీద దుప్పటి కప్పి దాని మీద వంటలు పెడతావటే? ఎవడి వేలైనా తెగితే?”

“బ్లేడు తీసేస్తాగా.”

“బుర్ర కూడా తీసేసినట్టున్నావు.”

అట్టల కట్ట మీద గడ్డం ఆనించి మెట్లెక్కుతున్న పెళ్లికూతురి తమ్ముడు తలుపు బయటే ఆగాడు. ఇప్పుడు లోపలికెళ్తే ఇద్దరూ తననే తీర్పు చెప్పమంటారు. ఎవరివైపు చెప్పినా రెండోవాళ్ల చేత తిట్లు తప్పవు. ఆ మాత్రం తెలివి ఉంది గానీ, దాన్ని నోటిదాకా పంపే దారే అతనిలో లేదు.

“కాస్త గొంతు తగ్గించండి. కిందింటివాళ్లు కూడా చెరో పక్షం చేరిపోయారు.”

“నోర్ముయ్” అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ పొద్దున వాళ్లకు కుదిరిన మొదటి ఏకాభిప్రాయం అదే.

వీధిలో అతన్ని అందరూ వాగుడుకాయ అంటారు. స్కూటరు మీద పార్సెళ్లు ఇచ్చే పని. అతని అక్కను అట్టలక్క అంటారు. ఆ ఇంటి పై గదిలో ఆమె పదహారేళ్లుగా పుస్తకాలకు అట్టలు కడుతోంది. అంతకుముందు ఆ బల్ల దగ్గర వాళ్ల నాన్న కూర్చునేవాడు. అమ్మానాన్నలు పోయాక ఇద్దర్నీ పెంచింది పిన్ని. పెంచాను కాబట్టి తిట్టే హక్కు నాదే అంటుంది. ఎవరూ కాదనరు, అంటే ఇంకో రెండు పడతాయి.

అట్టలక్క చేసుకోబోయేది లిఫ్టులు బాగుచేసే ఆయనను. ఆయన మాట కూడా పాత లిఫ్టులాంటిదే, రెండంతస్తుల మధ్య ఆగిపోతుంది. మిగతా దూరం ఎదుటివాళ్లే దూకాలి. మొదటిసారి చినిగిపోయిన మరమ్మతుల పుస్తకం పట్టుకుని ఈ గదికి వచ్చాడు. తర్వాత ఇంకొకటి తెచ్చాడు. మూడోసారి తెచ్చిన పుస్తకాన్ని ఆయనే చింపుకొచ్చాడని అట్టలక్క చూడగానే కనిపెట్టింది. పాత చిరుగు అంచు మాసిపోయి ఉంటుంది, కొత్తది తెల్లగా ఉంటుంది. ఏమీ అనకుండా కుట్టి ఇచ్చి, “ఈసారి చింపకుండా రండి” అంది. ఆయన వచ్చాడు.

ఇద్దరి చేతుల్లో ఉన్నది కొంచెం. అందులో సగం పెళ్లికి, సగం ఇంటికి అనుకున్నారు. ఇంటికి మంచం కొనేసరికి పెళ్లికి మిగిలింది దారం, జిగురు అని వాగుడుకాయ అందరికీ చాటాడు. అతిశయోక్తి ఏమీ కాదు. పూలన్నీ తప్పుగా అచ్చుపడిన డైరీ కాగితాలతో చేసినవి. దగ్గరగా చూస్తే రేకుల మీద సోమవారాలు, మంగళవారాలు కనిపిస్తాయి. శనివారం పదింటికి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, తర్వాత ఈ పై గదిలోనే భోజనాలు. వంటవాళ్లు లేరు. వచ్చేవాళ్లు తమ ఇంట్లో బాగా కుదిరే వంట ఒక గిన్నెడు తెస్తే అదే బహుమానం. ఏం తెస్తారో బుధవారంలోగా చెప్పాలి.

ఇదంతా కార్డులో ఉంది. కార్డు అనకూడదు, అది అరచేతంత పుస్తకం. పక్కింటి ప్రెస్సాయన ఇచ్చిన మిగులు కాగితం మీద అచ్చు వేయించి, ఒక్కో కాగితాన్ని మూడు మడతలు పెట్టి, వెన్ను దగ్గర దారంతో కుట్టి, అట్ట కట్టింది. నలభై ఐదు పుస్తకాలు, ఒక్కటీ వంకర లేదు. అట్ట మీద చిన్న బొమ్మ, ఒక లిఫ్టు, అందులో ఒక పుస్తకం. మొదటి పేజీలో “మీకోసం, మేమిద్దరం” అని ఒకే ముక్క. పైకి కనిపించే మిగతా పేజీలన్నీ ఖాళీ. అసలు సంగతి మడతల లోపల ఉంది. ఆ మడతల అంచులు కోయకుండా వదిలేసింది. పిలిచినవాళ్లు తమ చేత్తో ఒక్కో మడతా కోసుకుంటూ కబురు చదవాలని ఆమె ముచ్చట.

వాగుడుకాయ వాటిని రెండు రోజుల్లో పంచాడు. ఆ రెండు రోజులూ పార్సెళ్లు ఎక్కువై, ఇంజను ఆపకుండానే “అక్క ఇమ్మంది” అని చేతిలో పెట్టి సాగిపోయాడు.

బుధవారం వచ్చింది, వెళ్లింది. గిన్నె తెస్తామని ఒక్కరూ చెప్పలేదు. గురువారం పొద్దున అట్టలక్క పిన్నితో పోట్లాడలేదు. పిన్ని బిక్కచచ్చిపోయింది.

“కాగితం పూలు బాగానే ఉన్నాయే” అంది తనంతట తానే. “ఆ మూలది మరీ బాగుంది.”

“అది చెత్తబుట్ట పిన్నీ.”

“చెత్తబుట్టైనా కళగా ఉంది.”

అట్టలక్క నవ్వలేదు. సూదిలోకి దారం ఎక్కించింది, మళ్లీ తీసింది. “ఈ వీధిలో చినిగినవన్నీ నేనే కుట్టాను. ఒక్కరికీ రావాలనిపించలేదంటే తప్పు పూలది కాదులే. ఆయనకు చెప్పేస్తాను, సంతకాలు పెట్టి ఎవరిళ్లకు వాళ్లం పోదామని.”

“పెళ్లయ్యాక ఎవరింటికి వాళ్లు పోతే ఆ మంచం ఎవరికి?” అన్నాడు వాగుడుకాయ.

ఎవరూ నోర్ముయ్ అనలేదు. అతనికి అప్పుడు భయం వేసింది. భయం వేస్తే అతనికి కోపం వస్తుంది. దించిన హెల్మెట్టు మళ్లీ పెట్టుకుని సరాసరి దర్జీ దుకాణానికి వెళ్లాడు. దర్జీ తాతకు అట్టలక్క కొలతల పుస్తకం ఏటా కొత్త అట్ట కట్టి ఇస్తుంది. కబురు పెట్టనివాళ్లలో మొదట కడగవలసింది ఆయననే.

“మా అక్క పెళ్లికి రావడానికి నీకేం రోగం తాతా?”

దర్జీ కళ్లజోడు పైకి నెట్టాడు. “పిలిస్తే వస్తాను. పిలవని పేరంటానికి రావడానికి నాకేం పనిలేదా? ఊరంతా చెప్పుకుంటున్నారు పెళ్లని. పిలుపు ఏది?”

“నీ చేతిలో పెట్టానుగా. చిన్న పుస్తకం.”

“అదా? అది పిలుపెట్లా అవుతుంది? ఖాళీ పుస్తకం. ‘మీకోసం’ అని రాసి మరీ ఇచ్చింది పిల్ల, ఎంత మంచిది అనుకుని కొలతలు రాసుకుంటున్నాను.” సొరుగులోంచి తీసి చూపించాడు. లిఫ్టు బొమ్మ పక్కన నడుము ముప్పై ఆరు, చెయ్యి ఇరవై నాలుగు.

వాగుడుకాయ పుస్తకం అందుకున్నాడు. మడతలు కుట్టిన రోజు ఎలా ఉన్నాయో అలాగే మూసుకుని ఉన్నాయి. తనూ అక్కా నాన్న బల్ల కింద ఆడుకున్నవాళ్లు. అక్షరాలు రాకముందే మడతలు కోయడం వచ్చిన పిల్లలు. పుస్తకమంటే కోసి తెరిచేదని లోకమంతటికీ తెలుసనుకున్నారు. చేప పక్కింటివాళ్లను ఈతకు పిలిచినట్టయింది.

బల్ల మీది సుద్దముక్క పక్కన ఉన్న పలుచని చెక్కబద్ద తీసుకుని ఒక్కో అంచూ కోశాడు. దర్జీ లోపల చదివాడు. తర్వాత, “ఇంత సంగతి ఇందులో పెట్టి, నీలాంటివాడి చేత మాట్లాడకుండా పంపించిందా” అన్నాడు. “బంగాళాదుంప కూర తెస్తానని చెప్పు.”

ఆ బద్ద అడిగి తీసుకుని, గురువారం, శుక్రవారం పార్సెళ్లతోపాటు మిగతా నలభై రెండు గుమ్మాలూ తిరిగాడు. మందుల షాపావిడ ఆ పుస్తకాన్ని బల్ల కాలి కింద పెట్టి ఎత్తు సరిచేసుకుంది. పాత హెడ్మాస్టరుగారు అద్దాల బీరువాలో నిలబెట్టి, “ఇంత చక్కటి పనిని కోస్తావా, నీ చెయ్యి పడిపోను” అని అడ్డం నిలబడ్డారు. ఆయనకు నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

శుక్రవారం సాయంత్రానికి ముప్పై ఎనిమిది గిన్నెలు తేలాయి. వాటిలో పదకొండు బంగాళాదుంప కూరే.

విని అట్టలక్క జిగురు చేతులతోనే మొహం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు తెలియలేదు. చేతులు తీసేసరికి బుగ్గ మీద ఒక గురువారం అతుక్కుని ఉంది.

“పుస్తకం తెరవడం ఎవరికీ రాదా?”

“మనకు తప్ప.”

“నువ్వొక్క ముక్క చెప్పి ఉండొచ్చుగా. పొద్దస్తమానం వాగుతావు.”

“ఆ రెండు రోజులే వాగలేదు.”

“నా తలరాత” అంది పిన్ని. బీరువా తెరిచి, చీరల మడతల్లోంచి తన పుస్తకం తీసి అతని ముందు పడేసింది. “నాది కూడా కోసిపెట్టు. నేనూ అలిగే ఉన్నాను, నన్నెవరూ పిలవలేదని.”

దాన్ని కోస్తుంటే అట్టలక్క ఒక పువ్వును అనవసరంగా సరిచేస్తూ అడిగింది. “నీది కోసుకున్నావా?”

“నాకెందుకు? చోటు, సమయం నాకు తెలుసుగా.”

“ఊరికే అడిగాను.”

అతని పుస్తకం స్కూటరు సీటు కింద, నూనె గుడ్డ పక్కన ఉంది. కిందికి దిగి, అక్కడే నిలబడి కోశాడు. మొదటి మడత అందరిదే. రెండోదీ అంతే. చివరి మడతలో అచ్చు లేదు. అక్క పెన్సిలు రాత ఉంది.

“ఆ ఆఫీసుకు ఇరవై రెండు మెట్లు. వెళ్లి లెక్కపెట్టి వచ్చాను. ఎక్కేటప్పుడు నాకు కాళ్లు వణుకుతాయి. నా పక్కనే ఉండి పైదాకా ఏదో ఒకటి వాగుతూ ఉండు. నేను నోర్ముయ్ అన్నా ఆపకు. పిన్నికి చెప్పకు.”