పోషణ మాట రాయని కాగితం

“పోషిస్తానన్న మాట ఇందులో ఏదమ్మా?” అని ఆర్డీవో అడిగాడు. దానపత్రం మూడు పేజీలే. ఆయన రెండుసార్లు తిరగేశాడు. ఎదురుగా కుర్చీ అంచున మా మేనత్త కూర్చుంది, పక్కన నేను. అవతల గోడ దగ్గర ఆమె ఒక్కగానొక్క కొడుకు, ఇస్త్రీ చొక్కాలో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“రాయలే సారూ. నోటితోటి చెప్పిండు.”

“విన్నవాళ్లున్నారా?”

అత్త నా వైపు చెయ్యి చూపింది. “గీ అల్లుడే ఉన్నడు. పేపర్ల రాసేటోడు. దస్కతు గూడ పెట్టిండు.”

ఆర్డీవో చివరి పేజీలో సాక్షుల పేర్లు చూసి, నన్ను చూశాడు. “చదివే పెట్టారా?”

చదివే పెట్టాను.

ఆస్తి రాసిచ్చే పెద్దవాళ్లు తమను చూసుకోవాలనే షరతు కాగితంలో పెట్టించుకోవాలని, ఆ మాట తప్పితే దానం రద్దు చేయమని చట్టప్రకారం అడగవచ్చని పత్రికలో నేనే ఎన్నోసార్లు రాశాను. ఊరి పేర్లు మారేవి, వార్త అదే. నా మేనత్త బొటనవేలు పట్టుకుని కొడుకు వేలిముద్ర యంత్రం మీద నొక్కుతున్న రోజున మాత్రం ఆ వార్త నాకు గుర్తు రాలేదని చెప్పలేను. గుర్తొచ్చింది. ఊరుకున్నాను.

ఆ భూమి నార్కట్‌పల్లికి అవతల రెండెకరాలు. మామ పోయాక పెద్దమనుషులు పంపకం చేసి, కొడుకు వాటా కొడుక్కిచ్చి, ఈ రెండెకరాలు ఆమె పేర ఉంచారు. మా వైపు అది పద్ధతి. ముసలివాళ్లు బతికినన్నాళ్లు వాళ్ల తిండికి, పోయాక వాళ్ల కర్మకు. అత్త దాన్ని కౌలుకిచ్చి, వచ్చిన వడ్లు తన ధాన్యపు గుమ్మిలో పోయించుకునేది. ఉండేది కొడుకింట్లోనే అయినా తినేది తన గింజలు. ఆ ధీమాతోనే కోడలి మీద అప్పుడప్పుడు గొంతు కూడా లేచేది.

కొడుకు తన వాటా ఎప్పుడో అమ్ముకుని హైవే పక్కన టైర్ల దుకాణం పెట్టాడు. రైతుబీమా వచ్చిన తర్వాత తల్లి భూమి మీద అతని కన్ను పడింది. తన పేర భూమి పాసుపుస్తకం ఉండి, అరవై నిండని రైతు చనిపోతే ఇంటివాళ్లకు డబ్బు వస్తుంది. అత్తకు అరవై ఎప్పుడో దాటాయి.

“నీ పేరు మీదుంటే ఏమొస్తదమ్మా? రేపు నాకేమన్నయితే పిల్లలు బజార్ల పడ్తరు,” అన్నాడు నా ఎదుటే.

అత్త చెవులు మూసుకుంది. “గట్లనకు కొడుకా. తీస్కో, అంతా తీస్కో. గా మాట మాత్రం అనకు.”

తన చావును చూపించి తల్లి భూమి తీసుకున్నాడు. బీమాకు ఒక్క గుంట పేరు మీదున్నా సరిపోతుంది, రెండెకరాలు అక్కర్లేదు. అది కూడా నాకు తెలుసు.

కాగితం టైపు చేసే ఆయన మంచివాడు. మధ్యలో ఆగి, “పోషణ షరతు రాయాల్నా అన్నా?” అని అడిగాడు.

కొడుకు నవ్వాడు. “కన్నతల్లికి బువ్వ పెడ్తనని కాయితం రాయాల్నా? నువ్వే చెప్పు బావా. ఊర్ల నా మొకాన ఉమ్మరా?”

“వద్దు వద్దు,” అంది అత్త. “కడుపుల పుట్టినోని మీద కాయితమా? ఇజ్జత్ పోతది.”

నేను టీ గ్లాసు కింద పెట్టి, సరేనన్నట్టు తల ఊపాను.

రిజిస్ట్రేషన్ దగ్గర ఆమె వేలిముద్ర ఎంతకీ పడలేదు. “అవ్వా, గీతలన్నీ నాట్లల్లనే ఇడిసొచ్చినవా?” అని అక్కడి ఉద్యోగి నవ్వించాడు. కొడుకు తన రుమాలుతో ఆమె వేళ్లు ఒక్కొక్కటే తుడిచాడు. తిరుగుదారిలో హోటల్లో బిర్యానీ తినిపించాడు. తల్లి ప్లేటులో లెగ్ పీసు తన చేత్తోనే వేశాడు. నేనూ కడుపునిండా తిన్నాను.

ఆ పంటకాలం గుమ్మిలోకి వడ్లు రాలేదు. అడిగితే, “రెండు పూటల తింటనే ఉన్నవు గదా, గింజలేం చేసుకుంటవు?” అన్నాడట. కొన్నాళ్లకు ఇల్లు చాలడం లేదని ఆమెను అదే వాడలో ఒక కిరాయి గదిలోకి మార్చాడు. అన్నం డబ్బాలో పంపేవాడు.

ఒకరోజు అత్త బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. కొంగు కింద నుంచి స్టీలు డబ్బా తీసి నా రాతబల్ల మీద పెట్టి మూత తీసింది. అన్నం తీగలు సాగుతోంది. పులిసిన వాసన గది నిండా కొట్టింది. నేను కిటికీ తెరవబోతే ఆపింది.

“ఉండనియ్యి అల్లుడా. నేను దినాం పీలుస్తున్న. నువ్వొక్కపారి పీల్చు.”

ఆ వారమే దానపత్రం రద్దు చేసి భూమి తిరిగి ఇప్పించమని ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టించాను. కౌలు గింజలు మళ్లీ తన గుమ్మిలో పడాలి, ఇంకొకరి డబ్బా కోసం చూడొద్దు. ఆమె అడిగేది అంతే.

విచారణలో అతను గొంతు పెంచలేదు. “ఒక్కనాడన్న పస్తులుంచిన్నా సార్? డబ్బ పంపుతనే ఉన్న.” నోటిమాట ఇచ్చాడని, షరతు వద్దనుకున్నప్పుడు నేను అక్కడే ఉన్నానని వాంగ్మూలం ఇచ్చాను. బయటికి వచ్చాక మెట్ల మీద అతను నన్ను ఆపాడు.

“ఏం బావా, బిర్యానీ తిన్ననాడు యాడికి పోయింది గీ నాయం?”

అతని ముఖం చూస్తే అసహ్యం వేసింది. అత్త చెయ్యి పట్టుకుని మెట్లు దిగించాను.

నెలనెలా తల్లికి కొంత ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. రెండుసార్లు ఇచ్చాడు. దానం రద్దు సంగతి తేలలేదు. ఆ ఆర్డీవో బదిలీ అయ్యాడు, కొత్తాయన ఫైలు మొదటి నుంచి చూస్తానన్నాడు. గది కిరాయి అత్త పింఛనులోంచే పోతోంది. పాసుపుస్తకం ఇప్పటికీ కొడుకు పేరు మీదే ఉంది. ఆ రెండెకరాల్లో ఈసారి వడ్లు కూడా లేవు, పత్తి పెట్టించాడు.