మబ్బుల్ని తరిమిన రెక్కలు

2002 సెప్టెంబరు. ఆ ఏడు మా ప్రాంతానికి వాన పూర్తిగా మొహం చాటేసింది. హిందూపురంలో టైపు హయ్యర్ పాసైన నేను అప్పటికి మూడేళ్ళుగా ఒక ఎమ్మెల్యేగారి దగ్గర పీఏగా పనిచేస్తున్నాను. పీఏ అంటే ఫోన్లెత్తే మనిషని లోకం అనుకుంటుంది. ఎత్తుతాం, నిజమే. ఎమ్మెల్యేకి తగలాల్సిన తిట్లు ముందు మేమే తింటాం కూడా. కానీ మా అసలు విద్య అసెంబ్లీ ప్రశ్న రాయడం. దాని రుచి తెలిసినవాళ్ళకి ఇంకో ఉద్యోగం రుచించదు.

మా సార్ రాజకీయాల్లోకి రాకముందు హైస్కూల్లో సైన్సు మాస్టారు. భూమి వేడెక్కుతోందని, కరువులు ఇంకా ముదురుతాయని అసెంబ్లీలో మాట్లాడితే పక్క సభ్యులు ఆవలించేవారు. ఆయన మాత్రం వదిలేవాడు కాదు. పెనుకొండకీ ధర్మవరానికీ మధ్య ఒక కొండ మీద గాలిమరలు లేచాయంటే, దాని వెనక ఆయన కాళ్ళరిగిన తిరుగుడు చాలా ఉంది. "పొగ లేని కరెంటమ్మా!" అని ఎవరొచ్చినా చూపించేవాడు, కొత్త ఇల్లు కట్టుకున్నవాడు చూపించినట్టు.

ఆ కొండ కింది ఊరి నుంచి నాగప్ప అనే రైతు ఇరవై మందిని వెంటేసుకుని ఒకరోజు ఆఫీసుకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, ఆ రెక్కలు పీకేయించండి. వచ్చే మబ్బునంతా తరిమేస్తాండాయి. మా చెనిక్కాయ సేనంతా మాడిపోయ. మీరు పీకేయించకపోతే వచ్చే సోమారం గడ్డపారలు తీసుకొని మేమే కొండెక్కుతాం."

ఉత్తి బెదిరింపు కాదది. కడుపు కాలినవాడి మాట. వాళ్ళు అన్నంత పనీ చేస్తే ఊళ్ళో మగవాళ్ళంతా జైలుకి పోతారు. మా వైపు ఇంకో గాలిమర లేవదు. సార్ ఇన్నేళ్ళ పాటు పడ్డ కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

ఆదివారం మేమే ఆ ఊరికి వెళ్ళాం. సార్ చొక్కా జేబులో సుద్దముక్క పెట్టుకుని వచ్చాడు. బడి గోడ మీద సముద్రం గీశాడు, బాణం గుర్తులతో రుతుపవనాలు గీశాడు, మబ్బులు ఎంత ఎత్తున పోతాయో చెప్పాడు. చక్కటి పాఠమే. వినేవాళ్ళ మొహాలు మాత్రం బడిగోడ కన్నా గట్టిగా ఉన్నాయి.

అంతా అయ్యాక నాగప్ప లేచాడు. "సార్, మా ఇంట్లో ఫ్యాను తిరిగితే గాలొస్తాది. అంత చిన్నదానికే కాగితాలు ఎగిరిపోతాయి. అంత పెద్ద ఫ్యాన్లు అన్ని తిరిగితే మబ్బు నిలుస్తాదా? మీరే చెప్పండి."

జనం గొల్లుమన్నారు. సార్ సుద్దముక్క మళ్ళీ జేబులో వేసుకున్నాడు. నాకు కోపం తన్నుకొచ్చింది. నాగప్ప మీద కొంచెం, సార్ మీద ఎక్కువ. ఆకలితో ఉన్నవాళ్ళ దగ్గర సముద్రం బొమ్మలేమిటని విసుక్కుంటూ ఊరి చివరికి నడిచాను.

అక్కడ కళ్ళంలో ఈరమ్మవ్వ అనే ముసలామె ఉంది. ఎండిపోగా మిగిలిన కాస్త కొర్రల్ని తూర్పారబట్టడానికి వచ్చి ఒక రాయి మీద కూర్చుంది. చేట ఒళ్ళో ఉంది, చూపు కొండ మీద ఉంది.

"ఏమవ్వా, కూర్చున్నావు?"

"గాలి పడిపోయింది పాపా. ఆ రెక్కలు కదిలితే లేస్తా."

నేను నిలబడిపోయాను. "రెక్కలు కదిలితేనా?"

"అవును. గాలి ముందు కొండకి తగుల్తాది, తర్వాత ఈడికొస్తాది. ముందు మాకు తెలిసేది కాదు, ఊరికే చాట ఎత్తుకొని చేతులు పడిపోయేవి. ఇప్పుడు రెక్కలు చూసుకొని లేస్తాం, ఆడోళ్ళమంతా."

"మగవాళ్ళేమో ఆ రెక్కలే గాలిని పుట్టిస్తున్నాయంటున్నారే?"

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "వాళ్ళెప్పుడన్నా తూర్పెత్తినారా?"

ఆమెను చేటతో సహా బడి దగ్గరికి లాక్కొచ్చాను. ఆమె గోడ మీది సముద్రాన్ని చూడనైనా చూడలేదు. తిన్నగా నాగప్ప ముందుకెళ్ళి చేట తలమీదికి ఎత్తింది.

"ఏమబ్బా నాగప్పా, నేను చాట ఎత్తినా గదా, గాలొచ్చిందా?"

"చాటెత్తితే గాలెందుకొస్తాదవ్వా?"

"మరి అది మాత్రం తెస్తాదా? అదీ నా మాదిరే గాలి కోసరం నిలబడి ఉండాది. పొద్దున్నుంచి నిలిచిపోయుండాదే, దానికి ఆపాటి శక్తుంటే తిరగొద్దూ?"

అందరూ కొండ వైపు చూశారు. రెక్కలు నిజంగానే కదలకుండా ఉన్నాయి. నాగప్ప తల గోక్కున్నాడు. మా సార్ మొహంలో వెలుగు చూడాలి! అయితే ఆ వెలుగు ఎక్కువసేపు నిలవలేదు. అవ్వ చేట దించి ఆయన వైపు తిరిగింది.

"వానను తరమల్యా, సరే. ఆ కరెంటు యాడికి పోతాంది సార్? మా కొండ, మా గాలి. మా తాగేనీళ్ళ మోటారేమో కరెంటు చాలక మూడుసార్లు కాలిపోయ. ఆడోళ్ళం మైలు దూరం పోయి మోసుకొస్తాండాం."

అసలు మంట అక్కడుంది. ఈసారి సార్ పాఠం చెప్పలేదు. "ఈ అసెంబ్లీ సమావేశాలు అయ్యేదాకా గడువియ్యండి. కొత్త కరెంటు లైనుకి మంత్రి మాట తేలేకపోతే మీతో నేనూ కొండెక్కుతా" అన్నాడు. నాగప్ప గడువిచ్చాడు.

ఇక నా పని మొదలైంది. స్టార్డ్ క్వశ్చన్ అంటే చుక్క గుర్తు పెట్టిన ప్రశ్న. దానికి మంత్రి సభలో నిలబడి నోటితో జవాబు చెప్పాలి. దాని మీద అక్కడికక్కడే అడిగే ఉపప్రశ్నను సప్లిమెంటరీ అంటారు. జవాబు జేబులో లేకుండా ప్రశ్న వేయకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. అందుకని ఆ ఊరికి కరెంటిచ్చే సబ్‌స్టేషన్‌కి వెళ్ళాను. అక్కడ గంట గంటకీ వోల్టేజి రాసే లాగ్‌బుక్ ఉంటుంది. రాసుకోవచ్చా అని ఆపరేటర్‌ని అడిగాను.

"రాసుకోమ్మా. నేను అబద్ధం రాయల్యా. ఎవురూ చదవరు, అంతే."

రెండు రోజులు కూర్చుని చేత్తో ఎత్తి రాసుకున్నాను. ప్రశ్న మాత్రం కావాలనే అమాయకంగా రాశాను. ఆ కొండ మీద విద్యుత్తు ఉత్పత్తి అవుతున్న మాట వాస్తవమేనా? కింది గ్రామానికి సరిపడా విద్యుత్తు అందుతోందా? లేకుంటే తీసుకునే చర్యలేమిటి?

ప్రశ్న వచ్చిన రోజు పొద్దున అచ్చయిన జవాబు చేతికొచ్చింది. "అవునండి. అందుతోందండి. ప్రశ్న ఉత్పన్నం కాదు." నాకు నవ్వాగలేదు. ఆ "అందుతోందండి" కోసమే కదా నేను వల వేసింది!

నేను గ్యాలరీలో కూర్చున్నాను. సార్ సప్లిమెంటరీకి లేచాడు. రుతుపవనాల్లేవు, సముద్రాల్లేవు. "అధ్యక్షా, అందుతోందని మంత్రిగారు అంటున్నారు. అందడం లేదని వారి శాఖ లాగ్‌బుక్కే అంటోంది" అని ఏ తారీఖున వోల్టేజి ఎంతకి పడిపోయిందో వరసగా చదవడం మొదలుపెట్టాడు. నాలుగో తారీఖుకి ఆవలింతలు ఆగిపోయాయి. ఏడో తారీఖుకి ఎదుటి పక్షం వాళ్ళు కూడా "సిగ్గు, సిగ్గు" అన్నారు. చివరికి మంత్రిగారు లేచి, "వేసవి దాటేలోగా కొత్త లైను, ట్రాన్స్‌ఫార్మర్ ఇస్తాం" అన్నారు. సభలో మంత్రి అన్న అలాంటి మాటను అష్యూరెన్స్ అంటారు. అది తీరేదాకా వెంటపడటానికి ఒక కమిటీయే ఉంటుంది. కమిటీ సంగతేమో గానీ, నేను మాత్రం వారం వారం ఫోన్ చేసి కరెంటు శాఖ ఇంజినీర్లకి నిద్ర లేకుండా చేశాను.

జూన్ మొదట్లో లైను వచ్చింది. నీళ్ళ మోటారు స్విచ్చి వేయమని అధికారులు సార్‌ని పిలిస్తే, ఆయన ఈరమ్మవ్వని ముందుకి తోశాడు. ఊరంతా బిందెలతో కుళాయి చుట్టూ నిలబడింది. అవ్వ స్విచ్చి మీద చెయ్యి పెట్టి, వెయ్యకుండా కొండ వైపు చూస్తూ నిలబడింది.

"వెయ్యవ్వా!" అన్నాడు నాగప్ప.

"ఉండప్పా. ఇంకా రెక్కలు లేవల్యా."

కుర్ర ఇంజినీరు ముందుకొచ్చాడు. "అవ్వా, ఆ రెక్కలకీ ఈ స్విచ్చికీ సంబంధం లేదు. కరెంటు ఎప్పుడూ..."

సార్ అతని భుజం మీద చెయ్యేసి ఆపేశాడు. సుద్దముక్క ఆ రోజు కూడా జేబులో ఉండే ఉంటుంది. బయటికి తియ్యలేదు.

ఎమ్మెల్యే, ఇంజినీర్లు, ఊరు, అందరం ఒక ముసలామె చెప్పిందని గాలి కోసం నిలబడ్డాం. పది నిమిషాలు పట్టిందో, పావుగంట పట్టిందో. ప్రశ్న రాసే ముందు ఎవరి పక్కన నిలబడాలో నేను నేర్చుకున్నది ఆ కాస్సేపట్లోనే. ఆ తర్వాత నేను ఏ ప్రశ్నా ఆఫీసులో కూర్చుని రాయలేదు.

మొదటి రెక్క కదిలింది.

"ఆ, ఇప్పుడు!" అని అవ్వ స్విచ్చి వేసింది. కుళాయి ఒక్కసారి దగ్గింది, నీళ్ళు దూకాయి.