సత్రం నుయ్యి

కైకలూరు వెళ్ళే రోడ్డు పక్కన మా తాతల నాటి బళ్ళ సత్రం ఉంది. పూర్వం ఏలూరుకి ధాన్యం తోలే బళ్ళన్నీ అక్కడ ఆగేవట. కారణం పెరట్లోని నుయ్యి. చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉప్పునీరే. ఆ ఒక్క నూతిలో మాత్రం మంచినీళ్ళు. బళ్ళు పోయి లారీలు వచ్చాయి. అన్నయ్య పోయాక వదిన అక్కడే టీ, టిఫిను అమ్ముకుంటూ బతికింది. ఎవరొచ్చినా ముందు చెంబుతో నూతినీళ్ళు ఇచ్చి, ఆ తరవాతే ఏం కావాలని అడిగేది. సత్రం కట్టిననాటి నుంచీ అదే పద్ధతి.

రొయ్యలంటే బంగారమని ఊరంతా చెరువులు తవ్వుతుంటే నేనూ సత్రం వెనక పొలం తవ్వించాను. రొయ్యకి ఉప్పునీరు కావాలి కనక బోరు కూడా వేయించాను.

"నూతికి మరీ దగ్గరండీ మరిదిగారూ. కాస్త అటు జరిపించండి" అంది వదిన.

"నూతికేం కాదండీ వదినా" అన్నాను. తెలిసి అన్న మాట కాదు. జరిపితే చెరువు చిన్నదవుతుంది, అంతే.

మరుసటి వేసవిలో ఐసు లారీ డ్రైవరొకడు టీ ఒక గుక్క తాగి నవ్వాడు. "అమ్మగారూ, పంచదారకి బదులు ఉప్పేశారేంటండీ? ఎవరి మీదండీ కోపం?"

నేను పక్క బల్ల మీదే ఉన్నాను. వదిన నావైపు చూడలేదు. "ఇంకో గ్లాసు పెడతా ఉండు బాబూ" అంది. ఏ గ్లాసు పెట్టినా ఆ నీళ్ళే.

సిగ్గు వేసిందని రాయాలని ఉంది. వెయ్యలేదు. రొయ్యల మేత వేళైందని లేచి వెళ్ళాను.

వదిన టిన్ను నీళ్ళు తెప్పించడం మొదలుపెట్టింది. టిన్ను నీళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి. లారీలు ముందుకెళ్ళి ఆగసాగాయి. బోరు ఆపితే నుయ్యి తేరుకుంటుందేమోనని ఒకసారి అడిగింది. "ఈ పంట తీశాక చూద్దామండీ" అన్నాను. పంట తీశాను. మళ్ళీ రొయ్యపిల్ల వదిలాను.

మొన్న వదిన సత్రం మూసేసి తాడేపల్లిగూడెంలో తన చెల్లెలి ఇంటికి బయలుదేరింది. బస్సెక్కించడానికి వెళ్ళాను. నన్ను చూడగానే అలవాటుగా చెంబు తీసుకుని నూతివైపు నడిచింది. సగంలో ఆగింది. వెనక్కొచ్చి చెంబు బోర్లించింది.

"కూర్చోండి మరిదిగారూ. బస్సు రావాలిగా."

కూర్చున్నాను. వెనక చెరువులో నీళ్ళు చిమ్ముతూ ఏరేటర్లు తిరుగుతున్నాయి. బస్సొచ్చింది. సంచి అందించాను. తిరిగొచ్చి మేత వేశాను.