దోమలకు నేను తెలుసనుకున్నాను

మా అక్కకి ఒక అలవాటుంది. ఎవరికైనా ఒళ్ళు వెచ్చగా ఉందని తెలిస్తే చాలు, కుశలం అడిగేలోపే వేలు పట్టుకుని సూదితో పొడుస్తుంది. పాడేరు దగ్గర మా కొండ ఊళ్ళో ఆవిడే ఆశా కార్యకర్త. సంతలో ఎవరైనా ముడుచుకుని కూర్చున్నా ఆవిడ సంచీలోంచి మలేరియా కిట్టు బయటికొస్తుంది. ఒకసారి ఆరాధన ముగిసీ ముగియగానే పాస్టరుగారి వేలు కూడా పట్టుకుంది.

ఆ వానాకాలం వరి ఊడ్పులకని నాలుగు రోజులు సెలవు పెట్టి అక్క ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ కూడా వచ్చింది. పార్వతీపురం పిల్ల. దోమతెర, ఒంటికి పూసుకునే మందు, పొడుగు చేతుల జాకెట్లు, అన్నీ సర్దుకుని యుద్ధానికి బయల్దేరినట్టు బయల్దేరింది. దారి పొడుగునా ఆటపట్టించాను. నేను మాత్రం చొక్కా విప్పేసి, అరుగు మీద చాప పరుచుకుని దర్జాగా పడుకున్నాను. అక్క ఇంకో తెర తెచ్చి కట్టబోతే, ఇక్కడి దోమలకు నేను తెలుసు, అవి పరాయివాళ్ళనే కుడతాయి అన్నాను. చిన్నప్పుడు మాకు జ్వరాలు వచ్చేవి, పోయేవి. జలుబు కన్నా పెద్దగా పట్టించుకునేవాళ్ళం కాదు. అయితే నేను పన్నెండేళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నానన్న సంగతి దోమలకు తెలిసిపోయినట్టుంది.

తిరిగొచ్చిన రెండు వారాలకు పళ్ళు టకటకలాడేంత చలి పట్టుకుంది. ఆఫీసులో ఏసీని తిట్టుకుంటూ ఒక్కణ్ణే క్లినిక్‌కి వెళ్ళాను. ఈ మధ్య ఎక్కడికైనా వెళ్ళొచ్చారా అని డాక్టరు అడిగాడు. తడుముకోకుండా లేదన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. తిరుపతి వెళ్తే వెళ్ళినట్టు, గోవా వెళ్తే వెళ్ళినట్టు. మనింటికి మనం పోయి రావడం కూడా ఎక్కడికో వెళ్ళడమేనా? ఆయన వైరల్ జ్వరమని మాత్రలు రాసిచ్చాడు.

మాత్ర వేసుకుంటే చెమట పట్టి జ్వరం దిగేది. దిగగానే మా ఆవిడ ముందు మీసం మెలేసేవాణ్ణి. సాయంత్రానికి రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగేది కాదు. మూడో రోజు మాట తడబడింది. మా ఆవిడ హడలిపోయి అక్కకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. అక్క కంగారు పడలేదు, ధైర్యమూ చెప్పలేదు. ఒక్కటే అడిగింది.

"మనూరొచ్చి ఎల్లినావని డాక్టరుకి సెప్పినావా నేదా?"

అది కూడా చెప్పాలా అని గొణిగాను.

"సిన్నప్పుడు జొరాలు తట్టుకున్న బలం నీ ఒంట్లో ఎప్పుడో పోనాదిరా. ఇక్కడికొత్తే ఇప్పుడు నువ్వూ సుట్టానివే. బేగెల్లి రగతం తీయించుకో, నేదంటే సచ్చిపోతావు."

మా అక్క నన్ను అంత మాట ఎప్పుడూ అనలేదు. మా ఆవిడ అప్పటికే ఆటో పిలిచేసింది. పెద్దాసుపత్రిలో రక్తం చూస్తే మలేరియా, అదీ మెదడుకెక్కే రకం. ఇంకొక్క రోజు ఆగితే చెయ్యి దాటిపోయేదని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. నాకు తెలివి బాగా వచ్చేదాకా మా ఆవిడ ఓపిక పట్టింది. ఆ తరువాత తిట్టవలసినవన్నీ తిట్టింది.

ఇంటికి పంపే ముందు, మలేరియా కేసు కదా అని నర్సు ఒక కాగితం ఇచ్చి నింపమంది. నివాసం అన్నచోట హైదరాబాదులో మేముండే అద్దె ఇల్లు రాశాను. దాని కింది గడిలో "ఇటీవల సందర్శించిన ప్రాంతం" అని ఉంది. అక్కడ మా ఊరి పేరు రాయాలి. నేను పుట్టిన ఊరు, మా అమ్మానాన్నల సమాధులున్న ఊరు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి రాశాను. రాస్తుంటే ఏడుపొచ్చింది. నర్సు అది నీరసమనుకుని గ్లూకోజు నీళ్ళు కలిపిచ్చింది. బుద్ధిగా తాగేశాను.