పొలిమేర దాకా సెలక్టర్లను తెచ్చిన సారు

మా హాకీ సారు పోయారు. పోయిన మంగళవారం మా జట్టు క్యాంపులో ప్రాక్టీసు ముగించి షూ విప్పుతుంటే సారు భార్య ఫోన్ చేశారు. "సారు పోయిండు బిడ్డా. పొద్దున చాయ్ తాగి కుర్చీల కూసున్నడు, గంతే" అన్నారు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంకా ఎన్ని ఊళ్లు తిరగాల్సిన మనిషి! చెప్పాపెట్టకుండా పోవడమేమిటి? ఖమ్మంలో దిగి ఇల్లందు బస్సెక్కాక మాత్రం ఇక ఆగలేకపోయాను. పక్క సీట్లో ముసలమ్మ నీళ్ల సీసా నా చేతిలో పెట్టింది.

సారుది ఇల్లందే. బొగ్గుబావి కార్మికుడి కొడుకు. వెదురు కర్రను నిప్పు మీద వంచుకుని కాలనీ సందుల్లో ఆట మొదలుపెట్టి, హైదరాబాదులో ఒక డిపార్టుమెంటు జట్టుకు లెఫ్ట్ హాఫ్ ఆటగాడయ్యారు. ఆటే ఉద్యోగం, ఉద్యోగమే ఆట. ఒక మ్యాచ్‌లో మోకాలు మెలిపడింది. ఆపరేషన్ చేసినా మునుపటి పరుగు రాలేదు. ఆఫీసులో కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఆయనకు ఆ కూర్చోవడం ఒక్కటే చేతకాలేదు. క్రీడా హాస్టల్ వాళ్ల దగ్గరికి పోయి, "ఆట పోయింది గని నా చూపు పోలే. పిల్లలను ఎతికి తెస్త" అన్నారట.

అప్పటినుంచి మా అడవి ఊళ్లన్నీ ఆయన తిరిగే తోవలే. "అడవిల హాకీ ఏంది?" అని నవ్వినవాళ్లకు, "పుట్టగొడుగు రోడ్డు మీద దొరుకుతదా? వంగి ఎతకాలె" అనేవారు. హాస్టల్లో ఉండలేక కొందరు పిల్లలు పారిపోయి ఇళ్లకు వచ్చేసేవారు. సారు మళ్లీ వాళ్ల గడపలోనే తేలేవారు. "తిట్టుడు నా పని గాదు, మళ్ల తీస్కపోవుడు నా పని" అనేవారు.

నన్ను ఆయన మొదట చూసినప్పుడు నేను ఏ ఆటా ఆడటం లేదు, ఇప్పపువ్వు ఏరుతున్నాను. పొద్దున్నే చెట్ల కింద మా ఊరి ఆడవాళ్లంతా ఉన్నాం. ఎవరో మనిషి బండి ఆపి, అలా చూస్తూ నిలబడిపోయాడు. ఫారెస్టోళ్లేమోనని మా అవ్వ, అంటే మా అమ్మ, బుట్టను పొదలో దాచి, చేతికి దొరికిన కట్టెతో ఎదురుపోయింది.

"ఏందయ్యా, పిల్లలను గట్ల చూస్తున్నవ్?"

"కోపం జెయ్యకు అవ్వా. అందరు నడుం వంచి ఏరుతున్నరు. నీ బిడ్డ మోకాళ్లు వంచి, తల ఎత్తి ఏరుతున్నది. హాకీల గట్లనే ఉండాలె."

"హాకీ అంటే ఏంది?"

"నీ చేతిల ఉన్నదే, జర వంకర!"

మా అవ్వ నవ్వలేదు గానీ కట్టె దించింది. ఆ తర్వాత వారం వారం వచ్చి నేర్పారు. చెట్టుకు ఆనుకుని మోకాలికి నూనె రాసుకుంటూనే, "ఏడుసుడు ఇంటికాడ, ఈడ ఉరుకుడే!" అని కేకలేసేవారు.

హాస్టల్లో సీటు రావాలంటే ఖమ్మంలో సెలక్షన్‌కు పోవాలి. మరుసటి ఏడాదికి నాకు వయసు దాటిపోతుంది. ఈసారి తప్పితే కూలిపనే గతి. సారే పట్టుబట్టి తేదీ పెట్టించారు. తీరా చూస్తే అది మా విత్తనాల పండుగలో పడింది. పండుగ ముగిసేదాకా మా ఊళ్లో ఎవరూ పొలిమేర దాటరు. దాటితే ఊరందరి విత్తనమూ మొలవదని నమ్మకం. నేను ఇంటి వెనక కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

"పిల్లయినా పెద్దయినా దాటొద్దు సారూ" అన్నాడు మా నాయన.

"తప్పు నాదే. తేదీ పెట్టకముందే మిమ్ముల అడగాలె. మీరు దాటకుర్రి. వాళ్లనే ఇటు తెస్త" అన్నారు సారు.

ఎవరి కాళ్లు పట్టుకున్నారో తెలియదు, ఇద్దరు సెలక్టర్లను జీపులో తెచ్చారు. పండుగలో బయటివాళ్లు లోపలికి రావద్దని పొలిమేర రాయి దగ్గర పూజారి వాళ్లను ఆపేశాడు. సారు ఒక్కరినే, అదీ చెప్పులు విప్పాక, లోపలికి రానిచ్చాడు. వాళ్లు రాయి అవతల, మేము ఇవతల మెట్ట చెలకలో.

"ఒక్కతే బంతి కొడితే ఏం తెలుస్తది? ఎదురాడేటోళ్లు ఉండాలె" అన్నాడు ఒక సెలక్టరు.

తోటి పిల్లలంతా దేవర పూజలో ఉన్నారు. సారు ప్యాంటు మడిచి రెండో కర్ర అందుకున్నారు.

"సారూ, మీ మోకాలు..." అన్నాను.

"నా మోకాలు సంగతి నాకెరుక. నేనైతే నిన్ను గెలవనియ్య. నువ్వు గూడ ఒదలకు."

అన్నట్టే వదల్లేదు. మొదటిసారే నా కర్ర కిందినుంచి బంతి లాక్కున్నారు. మళ్లీ అంతే. సెలక్టర్లు వాచీలు చూసుకున్నారు. నా నోటికాడి కూడు ఈయనే లాగేస్తున్నాడని ఒళ్లు మండింది. మూడోసారి ఆయన బంతి లాక్కుని, గోలుకు గుర్తుగా పెట్టిన రెండు రాళ్ల వైపు ఉరికారు. సారు పరుగెత్తడం నేను అంతకుముందు చూడనే లేదు. కుంటుతూ, పళ్లు బిగించి, ఎండకు కాగిన మట్టిలో వట్టికాళ్లతో ఉరికారు. నేను వెంటపడ్డాను. రాళ్లు మూరెడు దూరం ఉన్నాయనగా వంగి, కర్ర నేలబారుగా చాపి బంతి లాగేశాను. సారు బోర్లా పడ్డారు.

నేను ఆగబోయాను. "ఆగకు! ఉరుకు!" అని అరిచారు.

బంతితో అవతలి కొసదాకా ఉరికి వెనక్కి తిరిగాను. ఆయన ఇంకా లేవలేదు. ముఖం నిండా ఎర్రమట్టి. ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ఇంకో చేత్తో నన్ను చూపిస్తూ, రాయి అవతలివాళ్లకు వినపడేలా గొంతు చించుకుంటున్నారు:

"బంతి పోయినంక మళ్ల దానెనక ఉరికేటోళ్లే ఆటగాళ్లు! చూసిండ్రా? మా పిల్లను చూసిండ్రా?"